చేపల కుంట రిపోర్టు

మొన్న వాన వెలిసిన పొద్దున బస్సు జడ్చర్ల దాటుతుంటే ఆ వాసన గుప్పుమంది. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు తియ్యగా మొదలై, గొంతులోకి దిగేసరికి ఘాటెక్కే వాసన. ముందు సీట్లో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ మూసేసింది. నాకు మాత్రం నస్రీన్ మేడం గుర్తొచ్చి కళ్లు తడిశాయి. మందుల ఫ్యాక్టరీ వాసనకు కన్నీళ్లు పెట్టుకునే మనిషిని నేనొక్కదాన్నేనేమో.

మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి ఆమె. తెలంగాణ వచ్చిన కొత్తలో, రసాయన కంపెనీలు గాలినీ నీటినీ ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నాయో అంచనా కట్టే ఒక సంస్థలో నేను చేరినప్పుడు, అప్పటికే అక్కడ తనిఖీలు చేస్తున్న ఆమె చేతికి పని నేర్పమని నన్ను అప్పగించారు. మాది సర్కారు తనిఖీ కాదు. చట్టం అడిగినదానికంటే ఎక్కువే చేస్తామని కంపెనీలు తమంతట తామే వచ్చి చేరతాయి. మేము చూసి గ్రేడు ఇస్తాం. మంచి గ్రేడు వస్తే గేటు దగ్గర బోర్డు పెట్టుకుంటాయి, నచ్చకపోతే మానేస్తాయి. మా ఉద్యోగాల కష్టమంతా ఆ మానేయడంలోనే ఉంది.

కంపెనీవాళ్లు కారు పంపితే ఆమె ఎక్కేది కాదు. దూరంగా ఆటో దిగి, ముందు ప్రహరీ చుట్టూ నడిచేది. మేకలు కాసేవాళ్లతో, పత్తి ఏరే ఆడవాళ్లతో తీరిగ్గా మాట్లాడేది. ఎండకు నేను సణిగితే నవ్వేది. "గేటుల నుంచి పోతే వాళ్లు చూపెట్టిందే చూస్తం బేటా. జర వెనక నుంచి గూడ చూడాలె గద." మధ్యాహ్నం కంపెనీ బిర్యానీ ముట్టుకోకుండా, తన డబ్బాలోంచి జొన్నరొట్టె తీసి నాకు సగం తుంచి ఇచ్చేది. ఆ సగం రొట్టె తింటూ నేను బిర్యానీ వైపు ఆశగా చూసేదాన్ని, అబద్ధమెందుకు.

నాకు సొంతంగా అప్పగించిన మొదటి కంపెనీలో మూడు రోజులు ఫైళ్లు చూశాను. ఎంత ముచ్చటైన ఫైళ్లో! చివర్లో మేనేజర్ నన్ను తోటలోకి తీసుకెళ్లి ఒక సిమెంటు కుంట చూపించాడు. ఫ్యాక్టరీ నీళ్లను శుద్ధి చేసి ఏళ్లుగా ఇందులోకే వదులుతున్నామన్నాడు. నిండా చేపలు. హాలియా కాలువ గట్టున పెరిగినదాన్ని, చేపలు కనిపిస్తే నీళ్లు మంచివని నమ్మే బుద్ధి నాది. ఫోటోలు తీసుకుని, నీటి విభాగంలో నిండుగా మార్కులు వేసేశాను. ఒక సీసాలో నీళ్లు పట్టుకోవాలన్న ధ్యాసే రాలేదు.

రిపోర్టు మీద రెండో సంతకం మేడంది. చేసే ముందు తానొకసారి చూడాలంటే ఇద్దరం మళ్లీ వెళ్లాం. కుంట పక్కన గొంతుక్కూర్చుని, లోపలి గోడను అరచేత్తో రాసింది. "పాచి లేదేంది? ఏండ్ల సంది నీళ్లుంటే గోడ జారాలె గద" అంది. మొన్ననే కడిగించామన్నాడు మేనేజర్. "గిన్ని చేపలుంటే ఒక్క కొంగ గూడ రాదా?" అంది. అతను నవ్వి, చాయ్‌కి లోపలికి రమ్మన్నాడు. పక్కనే తోటమాలి పాదులు తీస్తున్నాడు. మోసపోయానన్న రోషంతో నేను అతని వైపు తిరిగి, ఈ చేపలు ఎప్పుడొచ్చాయని అడగబోయాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపింది. బయటికొచ్చాక అంది, "ఆయన నిజం చెప్తే రేపు ఆయన నౌకరీ పోతది. నీళ్లనే అడుగుదాం." అప్పటికే ఆమె సంచిలో నిండిన సీసా ఉంది.

పరీక్ష చేయిస్తే అవి మామూలు బోరు నీళ్లని తేలింది. కుంట మా కోసం నింపింది, చేపలు మా కోసం తెచ్చి వదిలినవి. మరి ఫ్యాక్టరీ నీళ్లు ఎటు పోతున్నట్టు? ఆ ప్రశ్న రిపోర్టులో రాస్తే కంపెనీ మానేస్తుందని, దాన్ని చూసి మిగతావీ జారుకుంటాయని హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గ్రేడు కొంచెం తగ్గించి, కుంట ఊసెత్తకుండా ముగించమన్నారు. మేడం ఒప్పుకోలేదు. నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి అప్పటికి నెల కూడా లేదు.

"నువ్వు జర పక్కకుండు బేటా. నా ఒక్కదాని పేరు మీద పంపుత" అంది.

వద్దు మేడం, నేనూ సంతకం పెడతాను అనాలి. "సరే మేడం" అన్నాను.

కంపెనీ మానేసింది. మేడంను మళ్లీ ఏ పనికీ పిలవలేదు. నా ఉద్యోగం పర్మనెంటయింది.

సిగ్గుతో నాలుగేళ్లు ఆమెకు ముఖం చూపించలేదు. చివరికి ఒకరోజు మహబూబ్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి, నా వల్లే మీ పని పోయిందని బావురుమన్నాను. ఆమె చాయ్ నా ముందుకు జరిపింది.

"అది ఇడువు. ఆ నీళ్లు ఎటు పోతున్నయో తెలిసిందా?"

తెలియదన్నాను.

"ఎన్నడన్న పోయి చూసినవా?"

"లేదు మేడం."

ఆమె నా మీద కోపగించుకోవడం అదే మొదటిసారి. "నా నౌకరీ కోసం నాలుగేండ్లు ఏడ్చినవ్. ఆ నీళ్లు తాగే గొడ్ల కోసం ఒక్కనాడు పోకపోతివి గద."

మరుసటి వారమే వెళ్లాను. కంపెనీ వెనక వాగు మలుపులో, సర్కారు తుమ్మల చాటున పైపు కనిపించింది. నీళ్లు పట్టి, పరీక్ష చేయించి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసి కింద నా పేరు పెట్టాను. ఆ పైపు మూయించడానికి ఏడాది పట్టింది. ఫోన్ చేసి చెబితే "మంచిగైంది" అని, అన్నం తిన్నవా అని అడిగింది. అంతకంటే పొగడ్త ఆమె దగ్గర దొరకదు.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కొత్తవాళ్ల రిపోర్టుల మీద రెండో సంతకం నాది. చేదు నిజం రాసిన కాగితం వస్తే ఆలోచించకుండా పెట్టేస్తాను. ధైర్యం వచ్చిందనుకోను, ఇంకోసారి ఆ సిగ్గు పడలేక పెడతాను. ఆఫీసు బీరువాలో ఆ కుంట రిపోర్టు ఇంకా ఉంది. ఎన్నిసార్లు తీసి చూశానో. ఇప్పుడు నా పేరు చేర్చినా ఎవరూ అడగరు. కానీ చేర్చను. చివరి పేజీలో నస్రీన్ మేడం సంతకం ఒక్కటే ఉంటుంది. దాని పక్కన ఖాళీగా ఉన్న జాగా నాది.