తడి ఇసుక అంటిన మట్ట

మొన్న శనివారం సాయంత్రం, మనవరాలి పట్టుదల కాదనలేక, కృష్ణ ఒడ్డున కొత్తగా ఏర్పరచిన పార్కులో జరుగుతున్న పూల ప్రదర్శనకు వెళ్ళాను. ఉద్యోగకాలమంతా బడిగంట ప్రకారం నడిచిన ప్రధానోపాధ్యాయురాలిని కనుక, పూలను కూడా జాతివారీగా, రంగువారీగా, ఎత్తు తప్పకుండా వరుసలు తీర్చి ఉంచడం చూసి నాకు తృప్తి కలిగిన మాట నిజం. ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. బంతి మళ్ళ అంచున ఇసుక పోసి, అందులో పచ్చి ఈత మట్టలను కంచెలాగ గుచ్చి అలంకరించారు. మనవరాలు పరుగున వెళ్ళి అందులో ఒకదాన్ని పీకి, తలపైన ఊపుతూ, "అమ్మమ్మా, రేపటికి నాకు మట్ట దొరికేసింది!" అన్నది. మరునాడు మట్టల ఆదివారం, మా క్రైస్తవులు మట్టలు చేతపట్టి గుడికి ఊరేగింపుగా వెళ్ళే పండుగ.

"పెట్టెయ్! తీసినచోటే పెట్టు!" అని నేను అరిచిన అరుపుకు చుట్టుపక్కలవారు ఫోటోలు తీసుకోవడం మానేసి నావైపు చూశారు. తరగతి గదిలోనైనా గొంతు పెంచి ఎరగని దానిని. పిల్ల బిక్కచచ్చిపోయింది. ఒక మట్టకు అంత కోపమెందుకో దానికి చెప్పినా అర్థం కాదు. కృష్ణ ఒడ్డున నాతోపాటు పెరిగి, వేసవి ముందు ఆ ఏరు ఎలా ఉండేదో ఎరిగినవారికి చెబితే అర్థమవుతుందనే ఆశతో ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు మిషను బడిలో ప్రధానోపాధ్యాయులు. మా ఇల్లు కరకట్టకు దిగువన, మా గుడి కట్టకు ఎగువన. ఏటి నడుమనున్న లంకలో మా అమ్మ తమ్ముడికి, అంటే మా మావయ్యకు, పూలతోట ఉండేది. ఈస్టరుకు ముందటి ఉపవాసాల శ్రమల దినాలు ముగింపుకు వస్తుండగా, మట్టల ఆదివారానికి ముందు శనివారంనాడు, మా ఇంటివాళ్ళమూ సండే స్కూలు పిల్లలమూ కలిసి ఆ తోటకు వెళ్ళి, గుడికి కావలసిన పూలూ మట్టలూ తెచ్చుకోవడం మా సంఘంలో ఆనవాయితీ. కొన్న పూలు బలిపీఠం మీద పెట్టకూడదని ఎవరూ నియమం చేయలేదుగాని, కొన్న పూలు పెట్టినట్టు మాత్రం నాకు జ్ఞాపకం లేదు.

ఆ రోజుల్లో ఫాల్గుణం దాటేసరికి ఆనకట్ట దిగువన ఏరు చీలికలు పేలికలై, తెల్లని ఇసుక మేటల మధ్య సన్నని పాయలుగా మిగిలేది. మోకాలి లోతు నీళ్ళలో నడిచి లంకకు చేరవచ్చు. చేరవచ్చు అన్నమాటను జాగ్రత్తగా రాస్తున్నాను. ఎందుకంటే ఆ మోకాలి లోతు పక్కనే, పట్నంలో లేస్తున్న మేడలకోసం బండ్లవాళ్ళు ఇసుక తోడుకుపోయిన గుంతలు నిండా నీటితో, నాచుపట్టి, ఆకుపచ్చగా, అలికిడి లేకుండా ఉండేవి. ఆ యేడు మేము వెళ్ళడానికి కొన్నాళ్ళ ముందే ఒక దూడ అందరూ చూస్తుండగా అందులోకి దిగి, మళ్ళీ తల ఎత్తలేదు. నీరు ఒక్కసారి మూసుకున్నదట, అంతే. ఇసుక ఏటేటా కదులుతుంది కనుక నిరుటి దారి ఈయేటికి పనికిరాదు. వరద తీశాక మావయ్య స్వయంగా గడకర్రతో తడిమి తడిమి దారి పట్టి, దానికి రెండువైపులా ఈత మట్టలు గుచ్చేవాడు. అవి ఎండి వాలిపోతే కొత్తవి గుచ్చేవాడు. లంకవాళ్ళందరూ నడిచే దారి అదే.

ఆ యేడు మాతోపాటు మా చిన్నత్త ఉన్నది. నాన్నగారి ఆఖరి చెల్లెలు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, సండే స్కూలు బాధ్యత కొత్తగా తీసుకున్నది. మావయ్యకు ఆమెనిచ్చి చేయాలని పెద్దల మనసులో ఉన్నదనీ, ఈస్టరు వెళ్ళగానే మాట అనుకుంటారనీ పిల్లలమైన మాకే తెలుసును. ఆ ఉదయం ఆమె లేత పసుపుపచ్చ పట్టుచీర కట్టుకున్నది. ఏటి దారికి పట్టుచీర ఏమిటని నాన్నగారు అడగబోయి, అమ్మ చూపు చూసి ఊరుకున్నారు.

సగం దారిలో పాలమామ్మ ఎదురైంది. ఆమె లంకలో ఉండే ముసలావిడ. పడవ రేవులో పొద్దెక్కిందాకా పడవ కదలదు కనుక, రోజూ తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే, ఈ మట్టల దారిన ఏరు దాటి వచ్చి కరకట్ట కింది ఇళ్ళన్నిటికీ పాలు పోసి, మేము స్కూళ్ళకు వెళ్ళే వేళకు ఖాళీ బిందెలతో తిరిగి వెళ్ళేది. చిన్నత్త చీర చూసి ఆమె నడిమి నీళ్ళలో నిలబడిపోయింది.

"ఏంటమ్మా టీచరమ్మా, పట్టుచీర కట్టుకుని ఏట్లోకి దిగావు? లంకలో ఎవరన్నా పెళ్ళిచూపులకి రమ్మన్నారా?"

"నువ్వు పాలల్లో కలిపే నీళ్ళు ఏ పాయలో ముంచుతున్నావో చూసిపోదామని వచ్చాలే, మామ్మా."

"నీళ్ళు కృష్ణమ్మవి, పాలు నా గేదెవి. మధ్యలో నాదేముంది తల్లీ!" అని పకపక నవ్వి, మా పిల్లల వరుస వైపు తిరిగినప్పుడు మాత్రం నవ్వు మానేసింది. "మట్టకీ మట్టకీ మధ్యనే నడవండ్రా. పక్కకేసిన అడుగు మీది కాదు."

మా రాక తెలిసి మావయ్య ఆ తెల్లవారుజామునే పాత మట్టలన్నీ తీసేసి, పచ్చగా నిగనిగలాడే కొత్త మట్టలు గుచ్చి ఉంచాడు. ఎండలో అవి ఒకే ఎత్తున, రెండు బారులుగా, ఏదో ఊరేగింపు కోసం నిలబడినట్టున్నాయి.

తోట గురించి రాయవలసి వస్తే నా కలానికి ఈనాటికీ అదుపు ఉండదు. కనకాంబరం మళ్ళు నిప్పు పరచినట్టుండేవి. వాటి పక్కన లిల్లీ కాడలు తెల్లగా, నిటారుగా. మల్లె పాదుల్లో అప్పుడప్పుడే తొలి మొగ్గలు. గట్టు మీద మునగచెట్టు పూత రాలి, నడిచే దారంతా పేలాలు చల్లినట్టు. అమ్మ తెచ్చిన పులిహోర అరిటాకుల్లో తిన్నాం. చిన్నత్త మాచేత కీర్తనలు పాడించింది. కనకాంబరాలు కోస్తూ కోస్తూ ఆమె, మావయ్య ఒకే సాలులో ఎదురెదురుగా వచ్చి, మాట్లాడుకోకుండా పక్కకు తప్పుకోవడం చూసి పెద్ద పిల్లలు కిసుక్కుమన్నారు. అంత పూల మధ్య కూడా నా చూపు మాటిమాటికీ ఏటివైపే పోవడానికి కారణం చెప్పలేను. గాలి ఆగిపోయింది. గుంతల మీద ఆకుపచ్చని నీరు కన్ను ఆర్పకుండా మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది.

పొద్దు వాలకముందే నాన్నగారు ఈల వేశారు. పూల బుట్టలు నిండేసరికి ఆలస్యమవుతుందనీ, వాటిని కావిట్లో వేసుకుని తాను వెనకాల వస్తాననీ, ఆ రాత్రికి మా ఇంటనే ఉండి ఉదయం ఆరాధనకు వస్తాననీ మావయ్య చెప్పాడు. గుడికి కావలసిన మట్టల సంగతి చిన్నత్త నేరుగా అడగలేక అమ్మచేత అడిగించింది. "అన్నీ సిద్ధంగా ఉంచానక్కా," అన్నాడతను. అంతకన్న ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఒక్క మాట.

నాన్నగారు ముందు, మేము వరుసగా నడుమ, ఎవరూ వెనుకబడకుండా చూడటానికి చిన్నత్త చివర. ఆ క్రమం నాన్నగారిదే, అందులో తప్పేమీ లేదు. ముందున్నవాళ్ళు ఎవరమూ వెనక్కి తిరగలేదు, తిరగకూడదని ఆజ్ఞ. ఒడ్డెక్కి, నాన్నగారు మమ్మల్ని లెక్కపెట్టుకునేటప్పుడు గాని అమ్మ చిన్నత్తను సరిగా చూడలేదు. ఆమె చంకలో, రెండు చేతులా పట్టనంత పచ్చి మట్టల మోపు ఉన్నది.

"ఇన్ని మట్టలు ఎక్కడివే?"

"మీ తమ్ముడు దారి పొడుగునా గుచ్చిపెట్టాడుగా వదినా. సిద్ధంగా ఉంచానన్నాడు కదా, ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాను," అంటూనే ఆమె మా ముఖాలు చూసింది. "మనకోసం కాదా?"

ఉదయం దాటేటప్పుడు వాటిని దారి గుర్తులుగానే చూసిన మనిషి, సాయంత్రానికి వాటిలో తనకోసం తీర్చిన అలంకారాన్ని ఎలా చూసిందో, ఆ వయసులో నాకు బోధపడలేదు. పెద్దయ్యాక బోధపడింది.

నాన్నగారు కోప్పడలేదు. మోపు అందుకుని, పంచె ఎగగట్టి, నీళ్ళలోకి దిగి, అక్కడే ఆగిపోయారు. ఎక్కడ గుచ్చాలి? వెనక అప్పుడే పడిన మా అడుగుల జాడలను సైతం నీరు సాఫుగా తుడిచేసింది. ఎక్కడెక్కడ తీశావు అని అడిగితే చిన్నత్త నోట, "తెలీదన్నయ్యా... తెలీదు," అన్నదొక్కటే మాట. తప్పుచోట గుచ్చిన గుర్తు అసలు గుర్తు లేకపోవడంకన్న ప్రమాదమని చెప్పి ఆయన ఒడ్డుకు వచ్చేశారు. ఆ మాట సరైనదే. ఆ తరువాత మేమంతా లంకవైపు చూస్తూ, మసక చీకట్లో, కేకలు వేస్తూ నిలబడ్డాం. చిన్నత్త మాత్రం కేక వేయలేదు. ఆమె పెదవులు కదులుతుంటే ప్రార్థన చేస్తున్నదని తెలిసింది.

మావయ్య వచ్చాడు. దారిలో మట్టలు లేకపోవడం చూసి, కావిడి దించి, ఆ బద్దతోనే అడుగడుగూ పొడిచి చూసుకుంటూ, నడుము దాకా తడిసి వచ్చాడు. ఒక బుట్ట పూలు ఏట్లో పోయాయి. కావిడి రెండో కొసన కట్టిన ఈత మట్టల మోపు మాత్రం అతని భుజాన ఉన్నది. అవీ గుడికోసం అతను కోసి, గుడిసె వెనక సిద్ధంగా ఉంచినవి. చిన్నత్త చేతిలోని మోపు చూసి అతనికి సంగతి తెలిసిపోయింది. "పోన్లెండి, కృష్ణమ్మకి ఒక బుట్ట ముందే అందింది," అని నవ్వేశాడు. చిన్నత్త అప్పుడు ఏడ్చింది.

గుర్తుల మాటేమిటని నాన్నగారు అడగకపోలేదు. "రేపు ఆరాధన కాగానే వెళ్ళి నేనే గుచ్చుతాను బావగారూ. రాత్రిపూట ఏట్లోకి దిగేదెవరు?" అన్నాడు మావయ్య. అందరూ ఒప్పుకున్నారు. మా మనిషి వచ్చేశాడు. ఇక ఏట్లో ఎవరూ లేనట్టే మేము ఇంటికి నడిచాం. అమ్మ వేడివేడిగా చారు పెట్టింది. పెళ్ళి మాట కూడా ఆ పూటే పైకి వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్నంత సంతోషం మళ్ళీ ఎన్నడూ లేదు.

తెల్లవారింది. మేము తెల్లబట్టలు వేసుకుని, తలలు దువ్వించుకుని వాకిట్లో నిలబడ్డాం. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: "ఇవాళ పాలమామ్మ ఇంకా రాలేదేమిటి?"

అరుగు మీద మట్టలు విడదీస్తున్న మావయ్య తల ఎత్తాడు. ఎత్తి, అమ్మవైపు గాని మావైపు గాని చూడకుండా, చేతిలోని మట్టలు అక్కడే వదిలేసి, కట్టవైపు పరుగెత్తాడు.

ఊరేగింపు ఆగలేదు. ఆగితే పిల్లలు బెదురుతారనీ, ఇంకా ఏమీ తెలియలేదు కదా అనీ నాన్నగారు మమ్మల్ని వరుసలో నిలిపారు. రెండు మోపులూ కలిపి పంచారు. మావయ్య కోసి ఉంచినవాటి మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నా చేతికి వచ్చిన మట్ట మొదలుకు తడి ఇసుక అంటుకుని ఉన్నది. హోసన్నా పాడుతూ కట్ట మీదుగా నడుస్తుంటే ఆ ఇసుక రేణువులు నా అరచేతిలో రాలుతూనే ఉన్నాయి. కింద ఏటి ఒడ్డున జనం పోగవుతున్నారు. ఎవరో బిందె ఒకటి ఎత్తి చూపుతున్నారు. నాన్నగారు ముందు నడుస్తూ, ఏమాత్రమూ అటు తిరగకుండా, ఇంకా గట్టిగా పాడారు. మా అందరికన్న చివర నడవవలసిన చిన్నత్త వరుసలో లేదు.

మధ్యాహ్నానికి దిగువ గుంతలో పాలమామ్మ దొరికింది.

ఎవరూ ఎవరినీ నిందించలేదు. లంకవాళ్ళు కూడా. అది మరింత భారమైంది. పెళ్ళి ఆ యేడు జరగలేదు, మరుసటేడు జరిగింది. పూలతోటవాడి పెళ్ళిలో ఒక్క పువ్వు లేదు. చిన్నత్త లంకకు కాపురానికి వెళ్ళి, ప్రతి యేటా వరద తీశాక భర్త వెంట నడిచి, మట్టలు తన చేత్తో గుచ్చేది. పాలమామ్మ కూతురు ఆ వాడుకలు పోనివ్వక పాలు తెచ్చేది. ఆమె తెల్లవారుజామున ఏట్లో దిగింది మొదలు, అవతలి ఒడ్డెక్కి కేక వేసేదాకా, లంక అంచున చిన్నత్త లాంతరు పట్టుకుని నిలబడేది. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లోనూ కరకట్ట మీద నుంచి ఆ లాంతరు చూశాను. పండుగనాడు గుడికి వచ్చేదిగాని, ఆమె చేతిలో మట్ట నేను మళ్ళీ చూడలేదు.

పార్కులో దీపాలు వెలిగాయి. ఎరుపు, నీలం, ఊదా రంగులు ఏటి మీద పడి కదులుతున్నాయి, తెల్లవార్లూ వెలుగుతాయట. రెయిలింగుకు ఆవల, యంత్రాలు ఇసుక తోడిన చోట, నీరు మా కాలంలో లాగే కదలకుండా ఉన్నది. ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ మనిషి లోతో చెప్పే గుర్తు ఏదీ కనిపించలేదు. ఏరు నడిచి దాటే అవసరం ఎవరికీ లేకపోయింది, దారి తడిమేవారూ పోయారు, మునుపు చీకట్లో ఒక లాంతరు కనిపించినచోట ఇప్పుడు ఇంత వెలుగు ఉండి, దాని వెనక నిలబడిన మనిషి లేదు.

మనవరాలు మట్టను ఇసుకలో వంకరగా గుచ్చి వచ్చింది. అదే చోటా అని అడిగితే, తెలీదన్నది. సరిగ్గా అప్పుడే కొందరు కుర్రాళ్ళు రెయిలింగు దూకి, ఫోన్లు చేతబట్టుకుని నీటి అంచుకు దిగుతున్నారు. గట్టిగా పిలిచాను. పాటల హోరులో వినిపించలేదు. వాళ్ళు ఫోటోలు తీసుకుని, ఒకరినొకరు తోసుకుని, నవ్వుకుని, చివరివాడు తిరిగి రెయిలింగు ఎక్కేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

"ఇంటికి పోదాం అమ్మమ్మా," అని పిల్ల కొంగు లాగింది. "వాళ్ళెవరు, మనవాళ్ళా?"

అవునన్నాను.