మేడమ్‌కి పెట్టని మాగాయ

బుల్లీ, నువ్వు లేవన్న మాట కూడా నేను ఆవిడ నోటినుంచే వినవలసి వచ్చింది.

చదివేవాళ్ళకి చెబుతాను. బుల్లి మా అమ్మాయి, ఒక్కతే కూతురు. బెంగళూరులో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఆఫీసులో ఇంజనీరు. జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరిందని తెలిసి మా ఆయనా నేనూ రావులపాలెం వెళ్ళి బస్సెక్కుదామని బయల్దేరుతుంటే పక్కింటివాళ్ళ ఫోను మోగింది. "అమ్మగారూ, మన అమ్మాయి మనకి లేదండీ" అంది అవతల ఆవిడ. మా అమ్మాయికి పై ఆఫీసరు, రాజమండ్రి మనిషే. అందరూ మేడమ్ అంటారు. అంత ఏడుపులోనూ ఆ 'మన' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆఖరి ఊపిరి దగ్గర ఆవిడ ఉంది, నేను లేను.

ఆ కుళ్ళు ఆ రోజు పుట్టింది కాదు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పూతరేకులు తీసి అమ్ముతాను. ఇంటర్ దాటాక దాని చదువు నాకు అందలేదు. ఆదివారం ఫోను చేస్తే మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ అలా చూపించారు, ఇదే వరస. నా కూతురు నాది కాకుండా పోతోందా అన్నదొక్కటే నా బెంగ. మనిషి పోయాక ఆ బెంగా పోవాలి కదా. పోలేదు, పెరిగింది.

ఒకసారి బుల్లి సెలవుకి వచ్చి, నేను రేకులు తీస్తుంటే పొయ్యి పక్కన చేరింది. బోర్లించిన కుండ కింద మంట, పలచటి పిండిలో ముంచిన గుడ్డ నా చేతిలో.

"ఇంతకీ ఆ ఆఫీసులో ఏం చేస్తావే నువ్వు?" అన్నాను.

"లెక్కపెడతానమ్మా. చిప్పు పనిచేసేటప్పుడు లోపల ఏమేం జరుగుతోందో లెక్క. ఇప్పుడు నువ్వు రేకు తీస్తుంటే, ఎన్నయ్యాయమ్మా, ఎన్నయ్యాయమ్మా అని నేను అడుగుతూ కూర్చున్నాననుకో?"

"రేకు మాడిపోద్ది. నోరు ముయ్యమంటాను."

"చిప్పూ అంతే. దాన్నే ఆపి లెక్క చెప్పమంటే పని కుంటుపడుతుంది, ఆ లెక్కా నిజం కాదు. అందుకని తయారుచేసేటప్పుడే లోపల చిన్న లెక్కగాళ్ళని పెట్టేస్తాం. కౌంటర్లంటారు. దాని పని అది చేసుకుంటుంది, వాటి లెక్క అవి వేసుకుంటాయి. కావలసిన అంకె చేతికింద దొరికిందా, దూరంనుంచి తెచ్చుకుందా, అది వచ్చేదాకా ఎంతసేపు ఖాళీగా కూర్చుంది, అన్నీ తెలుస్తాయి."

"దాని ఎదురుచూపులకి అన్ని లెక్కలా? మరి నా ఎదురుచూపులో?"

"నీవి నువ్వు పైకి అనేస్తావుగా. పాపం, దానికి నోరు లేదు."

నవ్వాను గానీ ఆ 'పాపం' నాకు నచ్చలేదు. చెడిపోయిన చిప్పొకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. గోరంత ఉంది. సవతిని చూసినట్టు చూశాను.

ఇంకోసారి ఫోనులో దాని గొంతు పొంగిపోతోంది. ఏదో చిప్పు నెమ్మదిగా నడుస్తోందని అందరూ తలలు పట్టుకున్నారట. లెక్కలు చేసే భాగమే మందకొడిదని తేల్చేశారట. మా అమ్మాయి ఆ కౌంటర్లలో పడ్డ అంకెలు తీసి చూస్తే, ఆ భాగం తప్పేం లేదు. కావలసిన అంకెలు వచ్చి చేరక, వాటికోసం కాచుకుని ఉంటోందట.

"అది బద్ధకం కాదమ్మా, ఎదురుచూపు" అంది.

"మీ మేడమ్‌కి ఎప్పుడు చెప్పావే?"

"అప్పుడేనమ్మా, పక్కనే ఉన్నారుగా."

"నాకేమో ఆదివారం."

"నీకు తీరిగ్గా చెప్పుకోవాలని ఆగానే తల్లీ" అని బుజ్జగించింది. నేను మూతి ముడుచుకునే ఫోను పెట్టేశాను.

అన్నీ అయ్యాక కొన్నాళ్ళకి ఆ మేడమ్ మా ఇంటికి వచ్చింది. సంచీలో మా అమ్మాయి సామాన్లు. మంచినీళ్ళు ఇచ్చాను గానీ కూర్చోమనలేదు. ఆవిడే అరుగు మీద కూర్చుని బట్టలు, చున్నీ, దువ్వెన ఒక్కొక్కటే తీసి నా పక్కన పెట్టింది. చివర్న ఒక గాజు సీసా. తోమి ఆరబెట్టి ఉంది.

"మీ మాగాయదేనండి. టెంకలు కూడా వదల్లేదు."

"ఆఫీసులో అందరికీ పెట్టమనే పెద్ద సీసాతో పంపానండి. మీరూ తినే ఉంటారు."

ఆవిడ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "ఒక్క ముక్క పెడితే ఒట్టండి. టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేసుకునేది. నేనే సిగ్గు విడిచి అడిగాను. 'చిప్పు సంగతులన్నీ మీతోనే చెబుతున్నాను కదా మేడమ్, ఇది మాత్రం అడక్కండి, ఇది మా అమ్మది' అంది."

నేను సీసా ఒళ్ళోకి తీసుకున్నాను.

"మాగాయ ఉన్నన్నాళ్ళూ వేళకి అన్నం డబ్బా తెరిచేదండి. అయిపోయాక టెస్టు నడుస్తోంది, టెస్టు నడుస్తోంది అంటూ మానేసేది. నా డబ్బాలోది పెట్టబోతే వద్దనేది. మీ గురించి అడిగినా అంతే, ఒక్క ముక్క బయటపెట్టేది కాదు. నాకు కుళ్ళుగా ఉండేదండి, అమ్మగారూ."

అబద్ధం రాయను. ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. నాది నాకే ఉంచింది నా తల్లి. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఇంకో సీసా పంపి ఉంటే ఇంకొన్నాళ్ళు వేళకి తినేది కదా.

లోపలికి వెళ్ళి ఆకులో అన్నం పెట్టుకొచ్చాను. వేడన్నంలో మాగాయ కలిపి, నెయ్యి వేసి ఆవిడ ముందు పెట్టాను. కుళ్ళు తీరిపోయి కాదు. నా కూతురి పక్కన రోజూ కూర్చున్న మనిషి ఆవిడ, ఆ రోజులు నాకెవరూ తెచ్చివ్వలేరు. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది.

"బస్సు టైమవుతోందండి" అంటూ సగంలో లేవబోయింది. భుజం పట్టి కూర్చోబెట్టాను. ఇంకో ముద్ద వేశాను. ఎర్రటి నూనె మణికట్టుదాకా కారుతుంటే, ఏడుస్తూ, ఆవిడ తింది. ఆకు ఖాళీ అయ్యేదాకా నేను ఎదురుగానే కూర్చున్నాను.

ఇది చదివినవాళ్ళు, మీరెవరైనా సరే, వేళ దాటనివ్వకుండా కడుపునిండా అన్నం తినండి.