నాయనమ్మ కోడి

మా పేటలో ఉజ్జీవం కోడికూరతో మొదలైంది. హేళన కాదు, జరిగిన సంగతే. కృష్ణా జిల్లాలో మా ఊరి చిన్న చర్చిలో ఉపవాస కూటాలు జరుగుతుంటే, మా నాయనమ్మ లేచి నిలబడి, పక్కింటావిడ కోడిని పట్టి కూర వండుకున్నానని ఒప్పుకుంది. మర్నాడు తన కోడిపెట్టను చంకనబెట్టుకుని వెళ్ళి ఇచ్చేసింది. పక్కింటావిడ ఏడ్చి, అసలు ఆ మొదటి కోడి తనదీ కాదని, తానూ ఎక్కణ్ణించో పట్టుకొచ్చుకున్నానని చెప్పింది. ఇక ఆగలేదు. ఆ వారమంతా జనం లేవడం, ఒప్పుకోవడం, తీసుకున్నవి తిరిగి ఇచ్చేయడం. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చున్నారు. జనం భక్తిలో అలా కదిలిపోవడాన్నే మావాళ్ళు ఉజ్జీవం అంటారు. మా చర్చి చరిత్ర ఎవరు చెప్పినా ఆ కోడి దగ్గరే మొదలుపెడతారు.

ఒమాన్‌లో ఖబూరా అనే ఊళ్ళో నర్సుగా చేరిన కొత్తలో నేనూ ఆ కోడి దగ్గరే మొదలుపెట్టాను. మస్కట్ చర్చి దూరం కాబట్టి, శుక్రవారం పగటి డ్యూటీ లేని తెలుగు నర్సులం మా రూమ్‌లోనే ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఒక శుక్రవారం ఆ కోడి సంగతి చెబుతూ చెబుతూ నా మాటలకు నేనే కరిగిపోయి సాక్ష్యానికి నిలబడ్డాను. ఇండియాలో ఎనిమిది నెలలే పనిచేసి రెండేళ్ళ అనుభవమని సర్టిఫికెట్ రాయించుకున్నానని అందరి ముందూ ఒప్పుకున్నాను. అందరూ ఏడ్చారు. మేమంతా అక్కా అని పిలిచే మా హెడ్ నర్సు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. గుండె తేలికైంది. ఎంత తెలివితక్కువదాన్నో. నాయనమ్మ కోడిని తిరిగి ఇవ్వగలిగింది. నేనేం ఇవ్వగలను? నా వీసా ఆ కాగితం మీదే ఉంది.

మా ఆయన మస్కట్‌లో, అజైబాలో డ్రైవర్. పెళ్ళయినా రెండు వారాలకోసారి కలుస్తాం. అక్కడే ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు పనిచేస్తున్న చోటి హెడ్ నర్సు దగ్గర లెటర్ తెమ్మన్నారు.

"వెళ్దువుగాని. కానీ నీ అనుభవం గురించి వాళ్ళు నన్నే అడుగుతారమ్మా. అడిగితే నేను అబద్ధమాడలేను కదా," అంది అక్క ఎంతో ప్రేమగా. "ప్రార్థన చేద్దాంలే."

ఆ ప్రార్థన మూడేళ్ళుగా చేస్తున్నాం. క్రిస్మస్ డ్యూటీ మూడేళ్ళూ నాదే. కాదంటే ఆవిడ ఏమీ అనదు, చూస్తుందంతే. ఆ చూపంటే నాకు ఒళ్ళుమంట, భయం కూడా. ఉద్యోగం మానేసి ఎక్కడికి పోయినా నా సంగతి ఆవిడ నోట్లోనే ఉంటుంది.

మొన్న శుక్రవారం అక్కే అడిగింది: "మీ నాయనమ్మ కోడి సంగతి చెప్పు. కొత్తమ్మాయి వినలేదు."

చెప్పాను, వీలైనంత చప్పగా. అయినా భీమవరం నుంచి నెల క్రితం వచ్చిన ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

"నేనూ ఒకటి ఒప్పుకోవాలండి. నా సర్టిఫికెట్‌లో..."

అక్క ముందుకు వంగింది. నేను పాట ఎత్తుకున్నాను. గొంతు చించుకుని, చప్పట్లు కొడుతూ. ప్రార్థనలో ఒకరు పాట ఎత్తుకుంటే అందరూ అందుకోవలసిందే. అక్క కూడా అందుకుంది. పిల్ల కాసేపు బిక్కమొహంతో నిలబడి, కూర్చుంది. ఆ పాట అయిపోగానే ఇంకోటి, ఆ తర్వాత మరోటి. నైట్ డ్యూటీ బస్సు వచ్చేదాకా ఆపలేదు.

నాయనమ్మ లేచి మొదలుపెట్టినదాన్ని నేను పాడి ఆపేశాను. నాకు ఏడుపు ఆగలేదు. ఉజ్జీవం వచ్చిందనుకుని అందరూ స్తోత్రం చెప్పారు.