పదకొండో హోల్ లెక్క

మొన్న వాషింగ్ మెషీన్‌లో వేసేముందు పాత విండ్‌చీటర్ జేబులు తడిమితే గుప్పెడు ఇసుక, వేలెడంత పెన్సిలు, నాలుగు మడతలు పెట్టిన గోల్ఫ్ స్కోర్ కార్డు దొరికాయి. ఇసుక ఎక్కడిదని మా ఆవిడ అడగలేదు. మూడేళ్ళ కిందట సముద్రం ఒడ్డున గోల్ఫ్ ఆడినప్పుడు నేను ఎక్కువసేపు గడిపింది ఇసుక గుంతల్లోనే అని ఆవిడకి తెలుసు. కార్డు మాత్రం మా బావగారిది.

బావగారంటే మా అక్క భర్త. ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. బ్రేకుల మనిషి కాబట్టి ఆయనకి ‘సుమారుగా’ అనే మాట పడదు. నాకు గోల్ఫ్ నేర్పింది ఆయనే. నేర్పడంలో ఆయన లోపమేమీ లేదు, రాకపోవడం పూర్తిగా నా ప్రతిభ. మొదటిరోజు నేను బలంగా ఊపిన కర్ర గాలిని కొట్టింది, బంతి మర్యాదగా చూస్తూ ఊరుకుంది. “అది ఒకటి” అన్నారు. తగల్లేదు కదా బావగారూ అంటే, “కొడదామనే ఊపావుగా? ఒకటి” అన్నారు. తక్కువ దెబ్బల్లో బంతిని హోల్లో వేసినవాడిదే గెలుపైన ఈ ఆటకి అంపైర్ ఉండడు. నా దెబ్బలు ఆయన రాయాలి, ఆయనవి నేను రాయాలి, చివర్లో ఎవరి కార్డు వాళ్ళు సరిచూసుకుని సంతకం పెట్టాలి. మా ఊరు పార్సిప్పనీలో స్నేహితుల మధ్య ఈ పద్ధతి కొంచెం ఉదారంగా నడుస్తుంది. ఎనిమిది కొట్టినవాడు ఆరంటాడు, రాసేవాడు అయిదు వేస్తాడు, రేపు తన వంతు వస్తుంది కదా అని. బావగారు అలా కాదు. ఒకసారి పోటీలో, చెట్ల చాటున ఎవరూ చూడనిచోట ఆయన కాలు తగిలి బంతి అంగుళం కదిలితే, తనకి తనే ఒకటి వేసుకుని, ఆ ఒక్కదానితోనే ఓడిపోయి, సంతోషంగా ఇంటికొచ్చారట. ఆ సంతోషాన్ని అక్క ఇప్పటికీ క్షమించలేదు.

అటువంటి మనిషికి ఒక పాత లింక్స్ కోర్సులో ఆడాలని ఇరవయ్యేళ్ళ కోరిక. సముద్రాన్ని ఆనుకున్న ఇసుక దిబ్బల మీద, ఒక్క చెట్టయినా లేకుండా, గాలినే కాపలా పెట్టి వదిలేసిన మైదానాన్ని లింక్స్ అంటారు. వందేళ్ళు దాటిన ఆ క్లబ్బులోకి సభ్యుల మాట మీదే రానిస్తారు. ఆయన పాత బాసు ఒకాయన ఎలాగో ఒక పొద్దుటిపూట ఇప్పించాడు. దంపతులిద్దరూ మా ఇంట్లో దిగారు. బయల్దేరేముందు వంటింట్లో పులిహోర డబ్బాలో సర్దుతూ అక్క గొంతు తగ్గించింది.

“ఒరేయ్, ఆట సంగతి నాకొద్దు. ఆయన్ని కనిపెట్టి చూడు. ఈమధ్య తెలిసిన రోడ్లలోనే తప్పిపోతున్నారు. అడిగితే జీపీఎస్ మీద కోప్పడతారు. నీక్కూడా తేడా కనిపిస్తే చెప్పు, కారు తాళాలు తీసేసుకుంటాను.”

నేను నవ్వేసి, ఆయనకంటే నేనే ఎక్కువ తప్పిపోతానన్నాను. అక్క నవ్వలేదు.

ఎప్పటిలాగే నా కారు ఆయనే నడిపారు. హైవే దిగాల్సిన ఎగ్జిట్ ఒకటే రెండుసార్లు దాటిపోయాం. “కొత్తగా పెట్టినట్టున్నారు” అన్నారు. బోర్డు తుప్పు పట్టి ఉంది. ఇద్దరం కబుర్లలో ఉన్నాం కదా అని సర్దిచెప్పుకున్నాను. క్లబ్బు గోడల మీది మీసాల పెద్దమనుషులు ‘మీరెవరి తాలూకు’ అన్నట్టు చూశారు. బయట గాలి అంతకంటే సూటిగా అడిగింది. నేను ఉత్తరానికి కొట్టిన బంతి తూర్పున సముద్రాన్ని పరామర్శించి వచ్చేది. బావగారు మాత్రం గాలి కిందనుంచి బంతిని తగ్గించి కొడుతూ పది హోళ్ళు కుర్రాడిలా ఆడారు. అక్కకి ఏం చెప్పాలో మనసులో వాక్యం కూడా తయారుచేసుకున్నాను.

పదకొండోది సముద్రం పక్కనే. ఆయన మొదటి దెబ్బ మోకాలెత్తు గడ్డిలోకి పోయింది. రెండోది రెండు గజాలు కదిలింది. మూడోది ఇసుక గుంతలో పడింది. అక్కడ రెండు కొట్టాక బయటపడి, హోల్ చుట్టూ గడ్డి నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదికొచ్చింది, ఇంకో రెండిటికి హోల్లో పడింది. వంగి బంతి తీసుకుని, మెరిసే కళ్ళతో, “నాలుగు!” అన్నారు. “నీది తొమ్మిది. గాలిని కొట్టింది కలిపి.”

నాది తొమ్మిదే. గాలిని కొట్టింది కలిపే.

ఇంకెవరైనా అయితే భుజం చరిచి నవ్వేవాణ్ణి. పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. ఏడు రాస్తే మరుపు సంగతి ఆయనకి మొహానే చెప్పినట్టు. నాలుగు రాస్తే అక్కకి అబద్ధం చెప్పినట్టు. ఎదురుగా జెండా కర్ర వంగి వంగి లేస్తోంది, దానికి నాకున్నంత ఇబ్బంది ఉన్నట్టు లేదు. గట్టిగా నొక్కి నాలుగు రాశాను. పన్నెండో హోల్‌కి నడుస్తుంటే ఆయన ఆగి, “నాలుగేనా?” అన్నారు. “నాలుగే” అన్నాను. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటూ నడిచారు.

ఆట అయ్యాక క్లబ్బు మెట్ల మీద కూర్చుని, సంతకం పెట్టేముందు ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ వచ్చారు. పదకొండు దగ్గర వేలు ఆగింది.

“ఎన్నోయ్?”

“నాలుగు కదా, బావగారూ.”

“నీకు లెక్క నేర్పింది నేను. ఎన్ని?”

“ఏడు.”

నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని నాలుగు కొట్టేశారు, పక్కన ఏడు వేశారు, కింద సంతకం పెట్టారు. “రెండోది దాకా గుర్తుందోయ్. తర్వాత చూస్తే బంతి గ్రీన్ మీద ఉంది. మధ్యలో ఏమీ లేదు. వెతికాను.”

పార్కింగ్‌లో ఆయన తాళాలు నా అరచేతిలో పెట్టి, అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు.

“అక్కకి నేనే చెప్తాలే. నువ్వు చెప్తే నాలుగంటావు.”

దారంతా పులిహోర తింటూ, ఎగ్జిట్‌లు రాకముందే చదివి వినిపించారు, ఒక్కటీ తప్పకుండా. ఆ తర్వాత ఆయన కారు నడపలేదు. ఇప్పుడు ఆ కోర్సు సంగతి ఎత్తితే, సముద్రం బాగుంటుందట కదా, ఒకసారి వెళ్దాం అంటారు. వెళ్దాం అంటాను.

కార్డు వెలుతురులో పెట్టి చూశాను. ఆయన తేలికచేత్తో వేసిన ఏడు దాదాపు మాసిపోయింది. నేను నొక్కి రాసిన నాలుగు మాత్రం, కొట్టివేత కింద కూడా, నిన్న రాసినట్టే ఉంది. విండ్‌చీటర్ ఉతక్కుండా తగిలించేశాను. కాలం నిజం కంటే అబద్ధానికి కాస్త ఎక్కువ గడువిస్తుందనుకుంటాను. ఎంతో మాత్రం చెప్పదు.