ముందు చెప్పు, తర్వాత చెయ్యి

అనుమానం పిన్ని పుట్టగానే ఏడవలేదు. గదంతా ఒకసారి కలయజూసి, మంత్రసాని చేతులు కడుక్కుందని రూఢి చేసుకున్నాకే నోరు తెరిచింది. నమ్మనివాళ్లు ఆవిడ ఆడపడుచును అడగవచ్చు. "తాళం వేసి తను లాగి చూస్తుంది, తర్వాత నన్ను లాగమంటుంది, ఆపైన నేను సరిగ్గా లాగానా అని అడుగుతుంది మా మరదలు," అంటుందామె.

వీధి మొత్తానికీ పిన్ని అయిన ఈవిడ ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో పనిచేస్తుంది. బడి పిల్లల ఐడీ కార్డు ఫోటోలను చూసి, ప్రతి ఫైలు పేరు ముందూ బడి పేరు తగిలించాలి. అందరూ ఒక్కొక్కటే నొక్కుతూ మెడలు పట్టేయించుకునే ఆ పనికి పిన్ని లూప్ రాస్తుంది. ఫోల్డరులో ఫైళ్లన్నిటికీ వరసగా ఇదే చెయ్యి అని కంప్యూటరుకు చెప్పే చిన్న ఆజ్ఞ అది. అయితే ఆజ్ఞలో మొదట ఎకో అనే మాట చేరుస్తుంది. అప్పుడు యంత్రం ఏ పనీ చేయకుండా, ఏం చేయబోతోందో తెర మీద ఒప్పుకుంటుంది. ఆ వాంగ్మూలం పంక్తి పంక్తీ చదివి, ఎకో తీసేసి, అప్పుడు పని అప్పగిస్తుంది.

"చేతులు కట్టుకుని కూర్చున్నావేంటమ్మా?" అన్నాడు యజమాని ఒకరోజు.

"పని జరుగుతోంది సార్."

"ఎవరు చేస్తున్నారు?"

"లూప్ సార్."

యజమాని వంగి బల్ల కింద చూశాడు. ఎవరూ లేరు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

"ఫోటోలు చూడకుండానే తోసేస్తున్నావని తేలిందంటే మాత్రం, రేపట్నుంచి రానక్కర్లేదు."

పిన్ని ఇంటికి వచ్చేది ఆ ఒక్క జీతమే. మరుసటి ఉదయం ఫోటోలన్నీ తెరిచి చూసింది, ఎకోతో లూప్ నడిపింది, తెర మీది ప్రతి పంక్తీ కళ్లు పొడుచుకుని చదివింది. అంతా సవ్యంగానే ఉంది. మంచినీళ్లకని లేచింది.

తిరిగి వచ్చేసరికి కుర్చీ కొద్దిగా పక్కకు జరిగి ఉంది. కుర్చీని ఒకసారి, గుమ్మం దగ్గర గోడ గడియారాన్ని అకారణంగా తుడుస్తున్న యజమానిని ఒకసారి చూసింది. ఎకో తీసేసి లూప్ వదిలింది.

పేర్లన్నీ మారాయి, ఒక్కటి తప్ప. దాని దగ్గర కంప్యూటరు మొరాయించి తప్పు చూపించింది. ఫైలు పేరు "మన సార్ ఫోటో". ఇందాక చదివిన పంక్తుల్లో అది లేదు. పిన్ని తెరిచి చూసింది. బట్టతల, బుర్ర మీసాలు, బిగించిన దవడ.

"సార్, ఈ బాబుది ఏ తరగతి?"

గడియారం తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. యజమాని జేబులోని పెన్‌డ్రైవు తడుముకున్నాడు.

"అదీ... నువ్వు చూస్తున్నావో లేదోనని."

"చూశానుగా. రేపు రావాలా, వద్దా?"

"రామ్మా. రేపు కాస్త తొందరగానే రా. ఇంకో బడి ఉంది."

సాయంత్రానికల్లా యజమానే వీధంతా చాటేశాడు. వేల ఫోటోల మధ్య దొంగ ఫైలును పిన్ని వాసనతోనే పసిగట్టిందట, తెర వైపు చూడనైనా లేదట. ఆడపడుచు గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది: "నిజమేనా?"

చెప్పులు విడుస్తూ పిన్ని అన్నది: "వాసనా లేదు, ఏం లేదు వదినా. ఆజ్ఞలో ఫైలు పేరుకు అటూ ఇటూ కోట్స్, అదే కొటేషన్ గుర్తులు, పెట్టడం మర్చిపోయాను. సార్ ఫైలులా పేరు మధ్యలో ఖాళీలుంటే, కోట్స్ లేకుండా కంప్యూటరు ఆ పేరు మార్చలేదు. ఎకోలో ఆ తప్పు కనపడదు. కోట్స్ పెట్టి ఉంటే సార్ ఫోటో కూడా పిల్లలతోపాటు బడికి పోయేది."