ఖరాబ్ అయితదని

నన్ను ప్రభుత్వ సలహా కమిటీలో ఎందుకు వేశారో నాకు తెలుసు. ఆడమనిషిని, లా చదువుకున్నాను, చిన్నప్పటి పోలియో వల్ల ఎడమకాలికి క్యాలిపర్ కట్టుకుని నడుస్తాను. నా ఒక్కదానికి కుర్చీ వేస్తే వాళ్లకు మూడు రకాల సభ్యులు దొరికినట్టే. పైగా పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని, ఉర్దూ వచ్చు, కారు పంపలేదని అలగను. ప్రభుత్వ బడుల్లో వికలాంగులైన పిల్లల హక్కులేమిటి, ఆ బడులు వాళ్లకు పనికొచ్చేలా ఎలా మార్చాలి అన్నదాని మీద ఒక విధానం రాస్తున్నారు. దానికి సలహా చెప్పడం నా పని. మొదటి మీటింగులోనే ఒక అధికారి సమోసా నములుతూ "మీ అసొంటోళ్లను చూస్తె మాకు మస్తు ఇన్‌స్పిరేషన్ మేడం" అన్నాడు. నా ప్లేటులో ఉన్న సమోసాను నేను ముట్టలేదు.

ఆ తర్వాతి మీటింగులు పేరు పెట్టడానికే సరిపోయాయి. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, ప్రత్యేక అవసరాలు గల పిల్లలు అనాలా. ఒకాయన నిఘంటువు కూడా తెప్పించాడు. నేను వినీ వినీ విసిగిపోయి, పేరు ఏదైనా పెట్టుకోండి, ముందు బడులు చూద్దాం పదండి అన్నాను. ఎవరూ కదల్లేదు. మీరే చూసి రండి అని నన్ను పంపారు.

అలా పురానాపూల్ దగ్గర ఒక హైస్కూలుకు వెళ్లాను. మా నాన్న సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన గల్లీలే అవి. హెడ్మాస్టరు గేటు దాకా ఎదురొచ్చాడు. చాయ్ తెప్పించి, బడి అంతా తిప్పి చూపించాడు. చూపించడానికి నిజంగానే చాలా ఉన్నాయి. గేటు నుంచి వరండా దాకా ర్యాంపు బాగానే కట్టారు. కంప్యూటర్లు వచ్చాయి, వాటి మీద కప్పిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కథల పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. క్యారమ్ బోర్డులు చుట్టిన కాగితంతోనే గోడకు ఆనించి ఉన్నాయి. పిల్లలు ఎప్పుడు వాడతారు సార్ అని అడిగిన ప్రతిసారీ ఆయన నోట ఒకటే జవాబు.

"పిల్లలకిస్తె ఖరాబ్ అయితది మేడం."

ఈ ఖరాబ్ సంగతి నాకు కొత్త కాదు. మా ఇంట్లోనూ గాజు గ్లాసులు షోకేసులోంచి కిందికి దిగేవి కావు. చుట్టాలొస్తేనే తీసేవాళ్లు. మేము స్టీలు గ్లాసుల్లో తాగి, గాజు గ్లాసుల దుమ్ము తుడిచేవాళ్లం. కానీ అవి మా అమ్మ కొనుక్కున్నవి. దాచుకోవాలో పగలగొట్టాలో ఆమె ఇష్టం.

చివరికి వరండా మూలన ఉన్న ఒక తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆయనే తెరిచాడు. వెడల్పాటి తలుపు, తెల్లటి టైల్సు, కుర్చీలా కూర్చునే కమోడు, పట్టుకోవడానికి గోడకు రెండువైపులా స్టీలు కడ్డీలు. ఫినాయిలు వాసన. కొత్త సబ్బు, మడత విప్పని టవలు.

"ఫ్రెష్ అవుండ్రి మేడం. మేం బయట ఉంటం."

నా కాలు చూసి అన్నాడేమో అనుకున్నాను. కాదు. తనిఖీకి ఏ అధికారి వచ్చినా ఇదే ఇస్తారట. మిగతా రోజుల్లో ఆయన, ఇంకో ఇద్దరు సీనియర్ సార్లు వాడతారు.

"ఇది పిల్లల కోసం కట్టింది గద సార్?"

"అవును మేడం. ఇస్తె ఖరాబ్ అయితదని తాళం ఏసినం."

ఎంత మామూలుగా చెప్పాడంటే, తప్పు నాదేమో అన్నట్టు ఒక్క క్షణం నేనే తడబడ్డాను.

ఆ బడిలో చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఒక్కతే ఉంది. ఏడో తరగతి. క్లాసులో ముందు వరసకు పక్కగా కూర్చుని ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన పక్కనే కూర్చున్నాను. మిగతా పిల్లలు పప్పు పోయించుకుని జుర్రుకుంటున్నారు. ఈ పిల్ల మాత్రం పలుచటి పప్పును పక్కకు నెట్టి పొడి అన్నం తింటోంది. పెదాలు పగిలి ఉన్నాయి. నా బాటిల్ ఇవ్వబోతే వద్దంది.

"ఎందుకు బిడ్డా?"

"తాగితె పోవాలె గద మేడం."

పోవడమంటే ఏమిటో ఆ పిల్ల చెబితే తెలిసింది. అందరూ వాడే దొడ్డిలో కుర్చీ పట్టదు. ఆయమ్మ ఎత్తుకుని తీసుకెళ్లాలి. నిరుడు తేలిగ్గా ఉండేదట, ఇప్పుడు ఆయమ్మకు నడుం పట్టేస్తోంది. ఎత్తుకున్న మనిషి కూడా లోపలే నిలబడాలి కాబట్టి తలుపు మూయడానికి చోటు ఉండదు. ఇంకో పిల్ల చున్నీ అడ్డం పట్టుకుని నిలబడుతుంది. మగపిల్లలు ఆ దారినే పోతుంటారు. అందుకని నీళ్లు మానేసింది. రెండుసార్లు జ్వరం వచ్చింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని డాక్టరు చెప్పాడు. వాళ్లమ్మ మాత్రం ముందే తేల్చి చెప్పింది, పెద్దమనిషి అయితే బడి బంద్ అని.

"గది తీస్తె నేను బడి బంద్ చెయ్య మేడం," అంది, ఆ తాళం తలుపు వైపు చూడకుండానే.

నేను నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లాను. ఆ పిల్ల కోసం ఆ గది తెరవమని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు.

"ఒక్క పిల్ల కోసం రోజు తీసుడు, కడుగుడు ఎవరు చేస్తరు మేడం? ఆ పిల్ల అంటే మా అందరికీ జాలి ఉన్నది. మొన్న నా పైసలతోనే జామెట్రీ బాక్స్ కొనిచ్చిన."

అది అబద్ధం కాదు. ఆ పెట్టె ఆ పిల్ల బ్యాగులో నేను చూశాను. ఆయన దుర్మార్గుడైతే నాకు తేలిగ్గా ఉండేది, కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. పన్నెండేళ్ల పిల్ల పొద్దుటి నుంచి గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటే, ఆ పిల్ల కోసం కట్టిన కమోడు మీద కూర్చుని లేచి, చేతులు కడుక్కుని వచ్చి, ఆ పిల్ల మీద జాలి పడుతున్నాడు. అక్కడ ఇచ్చిన చాయ్ తాగినందుకు నాకే రోత పుట్టింది.

మీటింగులో ఈ సంగతే పెట్టాను. ఇలాంటి మరుగుదొడ్లకు బడి వేళల్లో తాళం వేయకూడదు, ఈ ఒక్క వాక్యం రాయండి చాలు అన్నాను. ఒకాయన నవ్వాడు.

"తాళం అంటే మెయింటెనెన్స్ కిందికొస్తది మేడం. అది పాలసీల ఎట్ల పెడ్తం?"

"మరి పాలసీల ఏం పెడ్తరు సార్?"

"హక్కులు."

అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. నేనే గొంతు పెంచాను. అది పిల్లల దొడ్డి, అందులో మీరు పోతున్నారు, ఆ పిల్ల నీళ్లు మానేసింది అని ఉన్నదున్నట్టు చెప్పాను. దొడ్డి అన్న మాటకు ఇద్దరు ముఖం చిట్లించారు. మేడం ఎమోషనల్ అవుతున్నరు అని ఎవరో మెల్లగా అన్నారు. ఆ పిల్ల ఒంటికి ఏమవుతోందో విని ముఖం చిట్లించనివాళ్లు, ఒక మాటకు చిట్లించారు. నేను ప్రతి మీటింగులోనూ ఆ వాక్యాన్నే చదివాను. నా మీద ప్రేమతో కాదు, నన్ను భరించలేక చివరికి ఒప్పుకున్నారు. వేసవి సెలవులు దాటాక ఉత్తర్వు వచ్చింది.

నేను మళ్లీ ఆ బడికి వెళ్లాను. హెడ్మాస్టరు ఈసారి చాయ్ కన్నా ముందు ఆ తలుపే చూపించాడు.

"చూడుండ్రి మేడం, తాళమే లేదు. పై ఆఫీసుకు ఫొటో గూడ పెట్టినం."

లోపల సబ్బు సగం అరిగి ఉంది. ఆ అమ్మాయి ఏ క్లాసులో ఉంది, పిలవండి అన్నాను.

"ఆమెను ఇంటి దగ్గర చదువు కింద మార్చినం మేడం. వారానికోసారి టీచర్ పోతడు. ఇప్పుడు మా బడిల ఎవ్వరికి ప్రాబ్లం లేదు."

ఇంటి దగ్గర చదువన్నది మంచం దిగలేని పిల్లల కోసం పెట్టింది. ఈ పిల్ల కుర్చీలో గల్లీలన్నీ దాటి రోజూ బడికి వచ్చేది. ఆయన ముఖంలో ఎక్కడా మాయ లేదు. పని పూర్తి చేసిన మనిషి ముఖం అది. ఆ పిల్ల ఇల్లెక్కడో ఆయమ్మను అడిగి అటే బయల్దేరాను. ఇంకాసేపు అక్కడే ఉంటే నా నోట బూతే వచ్చేది.

వాళ్లది ఒకటే గది. వాళ్లమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్టు నుంచి తెచ్చిన చామంతులు గడప దగ్గర గుట్టగా పోసి ఉన్నాయి. తల్లీబిడ్డలిద్దరూ దండలు కడుతున్నారు. పిల్ల నన్ను గుర్తుపట్టి నవ్వింది. పెదాలు పగిలి లేవు. అది చూసి సంతోషపడాలో ఏడవాలో నాకు తెలియలేదు.

"ఎండకాలంల పెద్దమనిషైంది మేడం," అంది వాళ్లమ్మ. "గా రోజులల్ల తలుపు పడని కాడ ఎట్ల పంపుత? నేనే పోయి సారుకు చెప్పిన. ఇంటికాడనే చదువు చెప్పిస్తమన్నడు."

తాళం తీయించానని చెప్పాను. ఇప్పుడు లోపలికి కుర్చీ పోతుంది, తలుపు పడుతుంది, ఎవరూ ఎత్తాల్సిన పని లేదు, రేపే మళ్లీ చేర్పిద్దాం, బడికి నేనే వచ్చి మాట్లాడతాను అన్నాను. ఆమె చేతిలోని దండ ముడి వేసి దారం తెంచింది.

"మీరున్నన్ని దినాలు తీస్తరు మేడం. మీరు పోయినంక మళ్ల ఏస్తరు. అప్పుడు నా బిడ్డ నడిమిట్ల ఏం చెయ్యాలె?"

ఉత్తర్వు ఉంది అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకు ఆ మాట అననట్టే అయిపోయింది. పిల్ల చేతిలోని పూలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మేడం, ఆరో తరగతి నుంచి నేను గూడ అడిగిన. సారును అడిగిన, ఆయమ్మను అడిగిన, తనిఖీకి వచ్చిన సారును గూడ అడిగిన. మీరు అడిగితెనే ఎందుకు తీసిండ్రు?"

"ఊకో," అని కసిరింది వాళ్లమ్మ. "మేడంతోని గట్ల మాట్లాడుతరా?"

అననివ్వమ్మా, సరిగ్గానే అడిగింది అన్నాను నేను. కానీ అప్పటికే ఆ పిల్ల తల వంచుకుని పూలు అందుకుంది.