పోస్టీ మేనత్తకు నల్లపట్టీలు

ఆల్విన్ పాస్కో అంటే వారబిన్‌లో చాలామందికి వెంటనే తట్టదు. పోస్టీ అంటే మాత్రం ఊరి కుక్కలు కూడా తోకాడిస్తాయి.

పోస్టీ అంటే అక్కడ పోస్ట్‌మాన్. కానీ అతను ఉత్తరాలు పంచేవాడు కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా గోధుమ పొలాల మధ్య బడి బస్సు తోలేవాడు. శనివారం ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మాటలు మోసేవాడు. అక్కడి ఆట మైదానం ఎంత పెద్దదంటే, ఈ గట్టున కోచ్ గొంతు చించుకుని అరిస్తే ఆ కొసనున్న ఆటగాడికి అది కాకి కూత. అందుకని ప్రతి జట్టుకూ ఒక పరుగుమనిషి ఉంటాడు. కోచ్ తన చెవిలో చెప్పింది, ఆట నడుస్తుండగానే పరిగెత్తుకెళ్లి ఆటగాడి చెవిలో వేసి, ఎవరికీ అడ్డం పడకుండా తిరిగి రావాలి. ముప్ఫై ఏళ్లుగా, వచ్చి పోయిన ప్రతి కోచ్ కిందా పోస్టీ చేసింది ఆ పనే. ఆ పేరూ అలా వచ్చిందే.

ఒక్కటే చిక్కు. కోచ్ చెప్పింది చెప్పినట్టు అతనెన్నడూ చేర్చలేదు.

"ఆ దున్నపోతుతో చెప్పు, ఇంకోసారి బంతి జారవిడిచాడంటే రేపట్నుంచి వాళ్లమ్మమ్మతో ఊలు అల్లుకోమని!" అని కోచ్ తుంపర్లు పడేలా అరిచేవాడు. పోస్టీ తలూపి పరుగందుకునేవాడు. సగం మైదానం దాటేలోగా ఆ మాటల్లో తడి ఆరిపోయేది, ముళ్లు రాలిపోయేవి. "బాగా ఆడుతున్నావురా మిచ్. కాస్త ముందుకొచ్చి నిలబడమన్నాడు కోచ్, అంతే" అని చెప్పి వచ్చేసేవాడు. ఏం చేస్తాడు మరి? ఆ దున్నపోతు ఆరేళ్లప్పుడు బస్సులో తన వెనక సీట్లో కూర్చుని, నిక్కరు తడుపుకుని ఏడ్చినవాడు. జట్టులో సగం మంది అలాంటివాళ్లే.

అతని మెత్తదనం వల్ల మేలే జరిగిందని చెప్పను. ఒక ఏడాది ఫైనల్లో మాటను మెత్తబరచబోతే విషయమే జారిపోయింది. గాలి ఎటు తిరిగిందో చెప్పమన్న కోచ్ మాట కాస్తా "మీ అమ్మానాన్నా చూస్తున్నారు, హుషారుగా ఆడండి" అయి కూర్చుంది. కుర్రాళ్లు హుషారుగా, గాలికి ఎదురు తన్ని ఓడిపోయారు.

ఇప్పుడు అతనికి యాభై ఎనిమిది. మోకాళ్లు రెండూ మెట్లెక్కేటప్పుడు కీచుమంటున్నాయి. పైగా ఈ మధ్య వచ్చే కోచ్‌లు తమ పరుగుమనిషిని తామే వెంటబెట్టుకుని వస్తున్నారు. ఇంకొక కొత్త కోచ్ వచ్చాడంటే పోస్టీకి క్లబ్బులో పని లేనట్టే. ఆ దిగులు ఒకటి. దాని కింద ఇంకోటి ఉంది, అది భార్య నొరీన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క సీజనైనా తనే కోచ్‌గా నిలబడాలని. ఇన్నేళ్లూ ఇతరుల మాట మోసిన నోటితో, ఒక్కసారి తన మాట తను చెప్పాలని.

అవకాశం రానే వచ్చింది. పోయిన సీజన్లో వారబిన్ గెలిచింది ఒకే ఒక్క ఆట. అది కూడా అవతలి జట్టులో సగం మందికి విరేచనాలు పట్టుకోబట్టి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే క్లబ్బును పక్క ఊరి క్లబ్బులో కలిపేస్తారని అనుకుంటున్నారు. అలాంటి సమయంలో, మొదటి ఆట ఇంకా కొద్ది రోజులే ఉందనగా, ఉన్న కోచ్ గనుల్లో ఉద్యోగం దొరికిందని మూటాముల్లె సర్దుకుని పోయాడు.

గురువారం సాధన అయ్యాక క్లబ్బు గదిలో అందరూ బీరుగ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. అధ్యక్షుడు ట్రెవర్ నోస్కి గోధుమ రైతు, గట్టిగా మాట్లాడే మనిషి.

"ఈ ముళ్లకిరీటం నెత్తిన పెట్టుకునే మొనగాడు ఎవడన్నా ఉన్నాడా మనలో?" అన్నాడు.

"నేను చేస్తాన్లే," అన్నాడు పోస్టీ.

పైకప్పు రేకులు అదిరేలా నవ్వు.

"పోస్టీ కోచ్ అయితే మాటలెవడు మోస్తాడ్రా?"

"వాడే చెప్పుకుని వాడే పరిగెత్తుతాడు! జీతం ఒకటే!"

"ఓడినా ఏడవక్కర్లేదు, బస్సులో ఇంటికి దింపుతాడు!"

ఎవరో వీపు చరిచారు. ఎవరో చేతిలో నిండు గ్లాసు పెట్టారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పోస్టీయే.

వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఆ ఊళ్లో మనిషి తనకు నిజంగా కావలసింది నిజంగా అడగడు. పంట మొత్తం మాడిపోయినవాడు "కాస్త ఎండగా ఉందీ ఏడాది" అంటాడు. కాలు విరిగినవాడు "పర్లేదు, ఇంకోటుందిగా" అంటాడు. అక్కడ సూటిగా అన్నమాటే అన్నిటికంటే పెద్ద హాస్యం.

"చెప్పావా?" అంది నొరీన్, ఇంట్లో అడుగు పెట్టగానే.

"చెప్పా."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"మరి నువ్వు?"

"నేనూ నవ్వా."

నొరీన్ చేతిలో గరిటె పక్కన పెట్టింది. "నువ్వూ నవ్వితే వాళ్లకెలా తెలుస్తుందయ్యా? అడగందే అమ్మైనా పెట్టదు. ఆదివారం కోచ్ పనికి వచ్చినవాళ్లతో మాట్లాడతారట. కోటు వేసుకుని వెళ్లు. కోటు చూస్తే ఎవడూ నవ్వడు."

ఆ మాట నిజమే. ఎవడూ నవ్వలేదు.

ఆదివారం క్లబ్బు గదిలో బల్ల వెనక ట్రెవర్, కార్యదర్శి గ్వెండా పోల్నర్ కూర్చున్నారు. గ్వెండా క్యాంటీన్ కూడా నడుపుతుంది. ఊళ్లో పుట్టుక, చావు, జ్వరం, ఏదైనా ముందు ఆమెకే తెలియాలి. వాళ్లిద్దరూ అప్పుడే జారడ్ విక్కరీ అనే నగరపు కుర్రాణ్ణి మాట్లాడి పంపారు. వాడు గంటసేపు గోడకున్న తెల్లబోర్డు మీద బాణాలు గీసి, చెరపకుండా పోయాడు.

పోస్టీ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. నల్లకోటు, నల్ల టై, దువ్విన తల.

గ్వెండా అతన్ని కిందినుంచి పైకి చూసింది. ఆమె ముఖంలో ఏదో వెలిగింది. ఏదో అడగబోయింది. అంతలో ట్రెవర్ కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. టోపీ తీసేశాడు.

"ఎవరు పోయార్రా పోస్టీ?"

ఆ కోటు ఊళ్లో అందరికీ తెలిసిందే. శవపేటిక మోయడానికి తప్ప అది బీరువా దాటి రాదు. పోస్టీ నోరు తెరిచాడు. దారి పొడుగునా కారు అద్దంలో చూసుకుంటూ అనుకున్న మాటలు నాలుక చివరే ఉన్నాయి. ట్రెవర్ కళ్లల్లో ఆ జాలి చూశాక, 'ఎవరూ పోలేదు, ఉద్యోగం అడగడానికొచ్చా' అని ఎలా అనడం? అంటే మళ్లీ ఆ నవ్వు. ఈసారి కోటుతో సహా.

"మా మేనత్త," అన్నాడు.

"అయ్యో!" అంది గ్వెండా. ఆమె ముఖంలో వెలిగింది ఆరిపోయింది. "ఏ మేనత్త? పేరేంటి నాయనా?"

"ఐవీ."

ట్రెవర్ అతని భుజం పట్టుకుని తలుపు దాకా నడిపించాడు. "ఇలాంటప్పుడు కూడా మాకు చెప్పి పోదామని వచ్చావు చూడు. పోరా, నొరీన్ దగ్గరుండు. ఇక్కడ సంగతి మేం చూసుకుంటాం."

నొరీన్‌తో పోస్టీ "తర్వాత చెబుతామన్నారు" అని మాత్రం అన్నాడు. మర్నాడు పొద్దున అతను బస్సు మీద ఉండగా గ్వెండా ఇంటికి వచ్చింది. చేతిలో మూతగిన్నె, అందులో మాంసమూ క్యారెట్లూ వేసి మగ్గబెట్టిన కూర. గడపలోనే నొరీన్‌ను వాటేసుకుంది.

"ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసమ్మా."

నొరీన్‌కు అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది. పని వేరేవాడికి ఇచ్చేశారు. "ఆయన ఎంత ఆశపెట్టుకున్నాడో నీకు తెలియదు గ్వెండా," అంది.

"ఆశ ఉంటుంది. కానీ వయసైపోయింది కదా, మన చేతుల్లో ఏముంది?"

"యాభై ఎనిమిది ఓ వయసా?"

దుఃఖంలో మతి చెదిరిందనుకుని గ్వెండా ఇంకాస్త గట్టిగా హత్తుకుంది. "ఐవీ అత్తగారి ఆత్మకు శాంతి కలగాలి," అంది. అప్పుడు నొరీన్ గ్వెండా భుజం మీదుగా, గోడకున్న పెళ్లిఫోటో వైపు చాలాసేపు చూసింది. పోస్టీ మేనత్తలిద్దరూ ఆ ఫోటోకు ముందే పోయారు. ఇద్దరిలో ఎవరి పేరూ ఐవీ కాదు.

సాయంత్రం భర్త ముందు ఆ గిన్నె పెట్టింది. తిట్టినా బాగుండేది. "తిను," అంది. "మీ అత్త కూడు." ఇద్దరూ తిన్నారు. కూర చాలా బాగుంది, అది ఇంకో నరకం.

మంగళవారం జారడ్ విక్కరీని కోచ్‌గా ప్రకటించారు. అతనితోపాటు అతని తమ్ముడూ వస్తున్నాడు, పరుగుమనిషిగా.

మొదటి ఆట రోజు శనివారం. కార్లన్నీ ఎప్పటిలాగే మైదానం చుట్టూ కంచెకు ముక్కులానించి నిలబడ్డాయి. పోస్టీ కూడా తన కారు తెచ్చి అక్కడే ఆపాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి కారులో కూర్చుని ఆట చూడబోతున్నాడు. అంతలో మిచ్ కంచె దాకా పరిగెత్తుకొచ్చాడు. పెద్ద ఆకారం, చెవులు మాత్రం చిన్నప్పటివే. మోచేతి పైన నల్లటి కరెంటు టేపు చుట్టి ఉంది.

"బాబాయ్, దిగు. లోపలికి రా. ట్రెవర్ పిలుస్తున్నాడు."

క్లబ్బు మనిషింట్లో చావు జరిగితే జట్టు నల్లపట్టీ కట్టుకుంటుంది. ఆ సంగతి పోస్టీకి తెలియనిది కాదు. ఎందరికో తనే ఆ టేపు చుట్టాడు. తనకు కడతారని మాత్రం తోచలేదు. జట్టు మొత్తం గీత మీద వరసగా నిలబడింది, అందరి చేతులకూ టేపు. అవతలి జట్టు వాళ్లు కూడా మర్యాదకు తలలు వంచారు. జారడ్ విక్కరీ, తను ఎన్నడూ చూడని, అసలు ఎన్నడూ లేని మనిషి గురించి చాలా గంభీరంగా చెప్పాడు.

"ఐవీ అత్తగారు ఈ క్లబ్బును ఎంతగానో ప్రేమించారు. ఆమె కోసం, పోస్టీ కోసం ఈ ఒక్క నిమిషం."

మైదానం అంతా నిశ్శబ్దం. ఎక్కడో గొర్రె ఒకటి అరిచి, తప్పు చేసినట్టు ఆగింది. పోస్టీ తల వంచుకుని పచ్చగడ్డి చూశాడు. ఆ గడ్డి మీద తను పరిగెత్తని చోటు లేదు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాడు, కానీ వచ్చింది సిగ్గు కాదు. అందరి ముందూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మిచ్ వచ్చి టేపు చుట్టిన చేత్తో పట్టుకున్నాడు.

"ఎంత ఇష్టమో పాపం ఆ అత్తంటే," అన్నారు కార్లలోని వాళ్లు.

ఆట సగమయ్యేసరికి వారబిన్ బాగా వెనకబడింది. కొత్త పరుగుమనిషి ఎర్రచొక్కాలో మెరుపులా వెళ్లి, అన్న చెప్పింది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి వస్తున్నాడు. అతను వచ్చి వెళ్లినప్పుడల్లా మిచ్ చెవులు ఎర్రబడటం పోస్టీకి కారులోంచి కనిపిస్తూనే ఉంది.

"గ్వెండా గిన్నె ఇచ్చిరా," అంది పక్క సీట్లోంచి నొరీన్. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని, కొబ్బరికోరు అద్దిన కేకుముక్కలు అందులో సర్ది తెచ్చింది.

క్యాంటీన్ కిటికీ దగ్గర జనం పలచబడ్డారు. గ్వెండా గిన్నె అందుకుని, పోస్టీ చెయ్యి వదల్లేదు.

"నీకో మాట చెప్పనా? ఇప్పుడు నవ్వొస్తుందిలే. ఆ ఆదివారం నీ కోటు చూసి, నువ్వు కోచ్ పనికొచ్చావనుకున్నా. నువ్వు రావడానికి కాసేపటి ముందే ట్రెవర్‌తో అన్నా, ఈ బాణాల కుర్రాడు మన పిల్లల పేర్లు కూడా అడగలేదు, పోస్టీ గురువారం అన్నది నిజమై ఉంటే బాగుండునని. 'వాడు గనక అడిగితే వెంటనే ఇచ్చేద్దాం' అన్నాడు ట్రెవర్. అంతలో నువ్వే వచ్చావు. తీరా చూస్తే మీ అత్త. దుఃఖంలో ఉన్న మనిషిని ఆ మాట ఎలా అడుగుతాం చెప్పు?"

పోస్టీ కిటికీ చట్రం పట్టుకున్నాడు.

"నేనా? కోచా?" అన్నాడు. నవ్వాడు.

"అదే కదా!" అని గ్వెండా కూడా నవ్వింది, కాస్త తేలికపడి.

క్యాంటీన్ నుంచి కారు దాకా పెద్ద దూరమేం కాదు. పోస్టీ నెమ్మదిగా నడిచాడు. మోకాళ్లు కీచుమన్నాయి. కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"అంతసేపు చెయ్యి పట్టుకుని ఏమంటోంది?" అంది నొరీన్.

"కేకులు బాగా చేశావంది."

నొరీన్ క్యాంటీన్ వైపు చూసింది. గిన్నె మూత ఇంకా తీయకుండా కిటికీలోనే ఉంది. ఆమె మళ్లీ ఆట వైపు తిరిగింది.

మిచ్ తన్నిన బంతి ఎత్తుగా లేచి రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి పోయింది. మైదానం చుట్టూ కార్లన్నీ హారన్లు మోగించాయి, వారబిన్‌లో అదే చప్పట్లు. పోస్టీ చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి. నొరీన్ అతని మీదుగా వంగి, అతని బదులు హారన్ నొక్కి, చాలాసేపు అలాగే పట్టుకుంది.